రెండున్నర శ్రుతి

ఆ రోజుల్లో మా కండక్టర్ సారు గొంతు పోయిందని చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా భజన చేసే వాళ్లందరూ చెప్పుకున్నారు. వయసు మీద పడిందన్నారు కొందరు. బస్సులో అరిచి అరిచి అరిగిపోయిందన్నారు ఇంకొందరు. మా అమ్మయితే దిష్టి అని తేల్చి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది (ఆ ఘాటుకు దగ్గి దగ్గి నా గొంతు పోయినంత పనైంది). అసలు సంగతి ఏమిటంటే ఆయన గొంతు పోలేదు. అది పోయిందనుకున్న రోజు హార్మోనియం ముందు కూర్చున్నవాడు ఆయనకు అందనంత శ్రుతి పెట్టాడు. ఆ కూర్చున్నవాడు నేనే. ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే అందరూ నాలుగు తిట్టి, మంచినీళ్లు తాగి, పాట మళ్లీ ఎత్తుకునేవారు. నేను చెప్పలేదు. పాతికేళ్లకు పైగా చెప్పలేదు. ఈలోగా నాకు కీర్తనలు కట్టేవాడినని పేరొచ్చింది, శాలువాలు వచ్చాయి, మా ఊరి బస్సు స్టేజీ దగ్గర ఫ్లెక్సీ మీద నా మొహం కూడా వచ్చింది. 'ఎట్ల నేర్చుకున్నరు సారు' అని ఎవరడిగినా నవ్వొచ్చే సగం చెప్పి ఊరుకునేవాడిని. ఇక్కడ రెండు సగాలూ రాస్తున్నాను.

అప్పట్లో నేను మొయినాబాద్‌లో ఒక మైక్‌సెట్టు దుకాణంలో పనిచేసేవాడిని. మాది చేవెళ్ల పక్క ఊరు. పెళ్లిళ్లకూ బోనాలకూ మీటింగులకూ స్తంభాలెక్కి హారన్లు కట్టడం, దిగివచ్చి 'హలో హలో మైక్ టెస్టింగ్' అనడం నా ఉద్యోగం. నా గొంతు చుట్టుపక్కల ఊళ్లన్నింటిలో మోగేది గాని, ఆ మూడు మాటలకు మించి ఎవరూ నన్ను ఏమీ పలకమనేవారు కాదు. దుకాణం మూలన పాత హార్మోనియం ఒకటి పడి ఉండేది. ఎవరో కిరాయికి తీసుకుపోయి, దాని మీద అన్నం గిన్నె దించి, సగం మెట్లు మూగబోయాక తెచ్చి ఇచ్చారు. మిగిలిన సగంతోనే నేను సినిమా పాటలు వాయించడం నేర్చుకున్నాను. పలకని మెట్టు దగ్గరికి రాగానే ఆ స్వరం నోటితో పూరించేవాడిని. (తర్వాత మంచి హార్మోనియం దొరికినా ఆ అలవాటు చాలాకాలం పోలేదు. వేలుతో నొక్కుతూనే నోటితో కూడా కూసేవాడిని.)

పొద్దున పోయేటప్పుడూ సాయంత్రం వచ్చేటప్పుడూ నేను ఎక్కే ఎర్రబస్సుకు మా సారు కండక్టరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. డ్యూటీ లేనప్పుడు మా ఊరి భజన మండలిని నడిపేవాడు. మండలి పాడే కీర్తనల్లో చాలావరకు ఆయన కట్టినవే, అవన్నీ బస్సులో పుట్టినవే. టికెట్ల రేకుడబ్బా మీద పంచ్‌తో తాళం వేస్తూ మొయినాబాద్‌లో పల్లవి ఎత్తుకుంటే, కనకమామిడి దాటేసరికి చరణంలో పడేవాడు. మధ్యలో స్టేజీ వస్తే చరణం ఆపి 'దిగేటోల్లు దిగుర్రి, జర ఆ గంప జరుపవ్వా' అని, 'రైట్' అన్న కేకతో మళ్లీ అందుకునేవాడు. ఆ 'రైట్' కూడా తాళానికి సరిగ్గా పడేది. జనానికి అది అలవాటే. చిల్లర కోసం ఎదురుచూసేవాళ్లకు మాత్రం ఓపిక ఉండేది కాదు.

"సారూ, జర మాకు టికెట్ కొట్టి, అటెన్క దేవున్ని పిలుద్దువు తియ్" అనేవాడు కూరగాయల మూటల మీద కూర్చున్న మనిషి.

"దేవుడు నీ లెక్క కేకలేస్తడా? నిమ్మలంగ కూసున్నడు. నువ్వు గూడ కూసో" అనేవాడు సారు.

ఒక సాయంత్రం వెనక సీట్లో కూర్చుని ఆయన పాడుతున్న పల్లవి వెంట నాలో నేను సన్నగా కూనిరాగం తీస్తున్నాను. ఆయన ఆగాడు. బస్సంతా ఆగినట్టే అనిపించింది. "ఎవర్ర అది, ఎన్క సీట్ల గునుగుతున్నది?" అన్నాడు. పాసు లేదని పట్టుబడ్డవాడిలా లేచి నిలబడ్డాను. దగ్గరికి వచ్చి, "మళ్లొకసారి అను" అన్నాడు. అన్నాను. "శ్రుతి తప్పవు గాని, సక్కగ పోయే తొవ్వల వంకర్లు తిరుగుతవ్. ఏం పని జేస్తవ్?" అని అడిగాడు. మైక్‌సెట్టు అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. (నా గొంతుకనుకుని పొంగిపోయాను. మండలికి మైక్ కిరాయి తప్పుతుందని మెరిశాయని తర్వాత తెలిసింది.) ఆ మర్నాటి నుంచి ఆయన సీటు పక్కనే నా సంగీత శిక్షణ మొదలైంది.

శిక్షణ అంటే మీరు ఏదో ఊహించుకోవద్దు. మొదటి పాఠం మూసుకుని కూర్చోవడం. భజనలో ముందుపాట పాడేవాడు ఒక్కడు, అందుకునేవాళ్లు వందమంది. ఆ వందమందికీ పాటలో చోటు ఉండాలంటే, పాట కట్టేవాడికి ఎక్కడ ఊరుకోవాలో తెలియాలని ఆయన సిద్ధాంతం. అందుకని కొన్ని నెలలు నన్ను ఊరుకోమన్నాడు. తర్వాత హార్మోనియం తుడవమన్నాడు. తర్వాత తిత్తి మాత్రం ఊదమన్నాడు, వేళ్లు ఆయనవి. నా వేళ్లు మెట్ల మీదికి వచ్చేసరికి మా అమ్మ విసిగిపోయి, "పెట్టె తుడుసుడు నేర్పుతానికి ఏండ్లు పట్టిందా మీ సారుకు? దేవుడు కండ్ల పడేసరికి నీ తల నెరుస్తది బిడ్డా" అంది.

ఆయన చెప్పిన నియమాల్లో రెండు మాత్రం ఇక్కడ చెప్పాలి. ఒకటి, వరుస ఏదైనా జనం ఒక్కసారి విని తిరిగి పాడగలగాలి. దానికి ఆయన దగ్గర పరీక్ష ఉండేది. మండలిలో వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునే ముసలవ్వ ఒకామె ఉండేది. కొత్త పాటేదైనా ముందు ఆమె చెవిన వేసేవాడు. ఆమె అందుకుంటే పాట మండలిలోకి వచ్చేది, లేకపోతే పోయేది. రెండోది, నామం ఎత్తుకున్నాక మంగళహారతి దాకా శ్రుతి మార్చకూడదు. మధ్యలో ఆపి శ్రుతి సరిచేసుకుంటే, వచ్చి కూర్చున్న దేవుణ్ణి లేవగొట్టినట్టు అనేవాడు. అందుకే పెట్టె ముందు కూర్చున్నవాడు ముందుపాట మనిషి గొంతు ఎరిగి ఉండాలి. సారుది ఒకటి శ్రుతి, అంటే మొదటి తెల్లమెట్టు. ఆయనకు హాయిగా ఉండే చోటు అది. నాకు ఆ వయసులో అది మరీ కిందికి అనిపించేది.

వేళ్లు కాస్త తిరగ్గానే నాకు సొంతంగా కీర్తన కట్టాలని పుట్టింది. పాత పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలు ఏరుకొచ్చి, వారం రోజులు తిండి సరిగ్గా తినక, 'నిఖిలభువనభారభరణనిపుణచరణా' అని ఒక పల్లవి కట్టాను. దానికి పైకీ కిందికీ పదహారు వంపులు. సారు మొత్తం విని, నన్ను ముసలవ్వ ముందు కూర్చోబెట్టాడు. నేను కళ్లు మూసుకుని పాడాను. కళ్లు తెరిచేసరికి అవ్వ నావైపు జాలిగా చూస్తోంది.

"బిడ్డా, ఇందుల దేవుని పేరు ఏడ వస్తది?" అంది.

"అది మొత్తం దేవుని పేరేనవ్వా."

"అట్లనా. అయితే నువ్వు పాడు, ఆఖర్ల చెయ్యి ఊపు. గప్పుడు నేను జై అంట."

మండలి అంతా నవ్వింది. సారు నవ్వలేదు. బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని, "పాట నీ కోసం కడితివి. అది తప్పని అంటలేను. గాని ఒక్కనివే పాడుకోవాలె మరి" అన్నాడు. ఆ మాట నన్ను బాగానే కోసింది గాని, బుద్ధి తెచ్చిందని చెప్పలేను. ఆ తర్వాత ఇంకొకటి కట్టాను. ఇది చిన్న మాటల పాట. 'తలుపు తీసే ఉంచు సామీ, తడిసి వచ్చే వాణ్ణి నేను' అని పల్లవి. ముసలవ్వ మొదటిసారికే అందుకుంది, రెండోసారికి తల ఊపింది, మూడోసారికి నన్ను ఆపి తానే పాడింది. రెండో చరణంలో ఒక్క వరుస మాత్రం పైకి లేచి అక్కడే నిలుస్తుంది. సారు దాన్ని రెండు మూడుసార్లు పాడి చూసుకుని, "ఇది జర పైకి ఉన్నది. ఒకటి శ్రుతిల అయితే నాకు అందుతది. ఉండనియ్యి, మంచిగున్నది" అన్నాడు. ఏకాదశినాడు చేవెళ్లలో చుట్టుపక్కల మండళ్లన్నీ కలిసే భజనలో దాన్ని తానే ముందు నిలబడి పాడతానన్నాడు. ఒక గురువు శిష్యుడి పాటకు ఇంతకంటే చేసేది ఏముంటుంది?

ఆ ఏకాదశి పొద్దున గుడి మండపానికి మైక్‌సెట్టు కట్టింది నేనే. హారన్లు ఒకటి గుడి మీద, ఒకటి అంగడి వైపు, ఇంకొకటి బస్టాండు వైపు కట్టాను. నా పాట అంగడి దాకా వినపడాలని నా ఆశ. మాకంటే ముందు శంకర్‌పల్లి దిక్కు నుంచి వచ్చిన మండలి ఒకటి పాడింది. వాళ్లది ఎత్తు శ్రుతి, డోలక్ ఉరుములాగా మోగింది, జనం ఊగిపోయారు. వాళ్లు లేవగానే మేము కూర్చున్నాం. హార్మోనియం గుడివాళ్లు తెప్పించిన కొత్తది, మా మండలిది కాదు. సారు తాళం వేసే చిరతలు పట్టుకుని జనం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన వీపు నావైపు ఉంది.

అప్పుడు నా మనసులో ఏముందో ఇన్నేళ్లు నాకు నేనే రకరకాలుగా చెప్పుకున్నాను. కొత్త పెట్టె, చెయ్యి తడబడింది అని ఒక పాఠం. ముందు మండలి శ్రుతి చెవిలో ఉండిపోయింది అని ఇంకో పాఠం. రెండూ అబద్ధాలే. ఇంట్లో ఒంటరిగా సాధన చేసేటప్పుడు ఆ పాటను నేను రెండున్నర శ్రుతిలో, అంటే సారు శ్రుతికి మూడు మెట్లు పైన పాడుకునేవాడిని. అక్కడ ఆ పై వరుస కంచుగంట కొట్టినట్టు మోగేది. ఒకటిలో అది చప్పగా, ఉప్పు తక్కువైన పప్పులా ఉండేది. ఊరంతా వినేటప్పుడు నా పాట చప్పగా వినపడకూడదనుకున్నాను. సారు ఎలాగో అందుకుంటాడులే అనుకున్నాను. రెండున్నర మెట్టు మీద వేలు పెట్టి తిత్తి ఊదాను.

పల్లవి మొదలుకాగానే ఆయన మెడ నరాలు లేచాయి. నాకు వెనక నుంచి కూడా కనిపించాయి. అప్పుడైనా ఆపవచ్చు. నామం ఎత్తుకున్నాక శ్రుతి మార్చకూడదని ఆయనే కదా చెప్పాడని నా మనసు నాకు వకాల్తా పుచ్చుకుంది. ఆయనకూ అదే నియమం కాళ్లకు అడ్డం పడింది. వెనక్కి తిరగలేదు, ఆపమనలేదు. మొదటి చరణం ఎలాగో లాగాడు. రెండో చరణంలో ఆ పై వరుస దగ్గర గొంతు పైకి పోయి, రెండుగా చీలి, కీచుమని ఆగిపోయింది. నేను కట్టిన మూడు హారన్లూ ఆ కీచు శబ్దాన్ని గుడి మీదికీ, అంగడికీ, బస్టాండుకూ పద్ధతిగా మోసుకుపోయాయి. ఆయన మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ చీలింది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అందుకోవలసిన వందమందీ నోరు తెరిచి అలాగే ఉండిపోయారు.

అప్పుడు నేను పాడాను. పెట్టె ముందు నుంచి తల ఎత్తి ఆ వరుసను నా గొంతుతో అందుకున్నాను. నా శ్రుతి, నా పాట, అది మోగక ఏం చేస్తుంది? జనం ఒక్కసారిగా లేచి అందుకున్నారు. పాట అయ్యాక ఎవరెవరో వచ్చి నా వీపు తట్టారు. 'గురువు పరువు కాపాడినవ్‌రా' అన్నాడు గుడి పెద్ద. నేను తల వంచుకున్నాను. దాన్ని వినయం అనుకున్నారు.

మర్నాడు సాయంత్రం బస్సులో సారు నా పక్కన కూర్చున్నాడు. టికెట్లు కొట్టడం అయిపోయింది. రేకుడబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు గాని, దాని మీద తాళం వేయలేదు.

"ఇన్నేండ్లు రైట్ రైట్ అని మొత్తుకున్న గొంతు, ఎన్ని దినాలుంటది. పోయిందిరా" అన్నాడు.

"లేదు సారూ, నిన్న..." అన్నాను.

"నిన్న ఏముంది. నిన్న దేవుడు నలుగురి ముందల చెప్పిండు, ఇగ చాలు అని. నువ్వు అందుకున్నవ్, మంచిగైంది. ఇగ నువ్వే నడిపియ్యి" అని సంచిలోంచి చిరతలు తీసి నా చేతిలో పెట్టాడు.

నోరు తెరిచాను. మాట నాలుక చివరి దాకా వచ్చిన మాట నిజం. అంతలో నా స్టేజీ వచ్చింది. దిగాను. (ఈ వాక్యాన్ని చాలా ఏళ్లు 'అంతలో స్టేజీ వచ్చింది గనుక చెప్పలేకపోయాను' అని చదువుకున్నాను. మర్నాడు కూడా అదే బస్సు, అదే కండక్టరు, అదే సీటు. ఆ సంగతి మాత్రం చదువుకోలేదు.)

ఆ తర్వాత బస్సులో పాట ఆగిపోయింది. ఆయన గొంతెత్తి పాడితేనే వరుస పుట్టేది. పాడడం మానేశాక కట్టడమూ మానేశాడు. అప్పటికి హారతి పాట ఒకటి సగంలో ఉంది, దాన్ని పూర్తి చేయలేదు. 'రైట్' అనడం కూడా మాని గంట తాడు లాగేవాడు. కూరగాయల మూటల మనిషి, "ఏంది సారూ, దేవునితోని మాటల్లేవా?" అంటే నవ్వి టికెట్ చించి ఇచ్చేవాడు. రిటైరయ్యాక అజీజ్‌నగర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అల్లుడు అక్కడ ఒక ఫాంహౌస్‌కు వాచ్‌మన్, కూతురు వంట చేస్తుంది, గేటు పక్క రెండు గదుల్లో ఉంటారు.

నేను మాత్రం పెరిగాను. సారు నేర్పిన పద్ధతిలోనే కీర్తనలు కట్టాను, చాలా మండళ్లు అవి పాడాయి, ఈ మధ్య ఫోన్లలో కూడా తిరుగుతున్నాయి. మైక్‌సెట్టు దుకాణం నాదైంది. సన్మానాల్లో గురువు గురించి చెప్పమంటే, 'మా సారు గొంతు పోయాక ఈ భారం నా మీద పెట్టారు' అనేవాడిని. మొదటిసారి అన్నప్పుడు ఒళ్లు జలదరించింది. పదోసారికి గొంతు గద్గదం చేయడం కూడా వచ్చింది. పండగలకు పండ్లు పట్టుకుని అజీజ్‌నగర్ వెళ్లేవాడిని. ఆయన నా పాటలు ఫోన్‌లో విని, ఎక్కడ ఊపిరి చాలదో, ఎక్కడ మాట బరువైందో చెప్పేవాడు. నేను తల ఊపి, టీ తాగి, వచ్చేసేవాడిని.

ఈ మధ్య మండలిలో ఒక సాయంత్రం సాధన చేస్తున్నాం. ఇప్పుడు హార్మోనియం వాయించేది నా మేనకోడలు. దొంతన్‌పల్లి కాలేజీ క్యాంపస్‌లో ఏదో ఆఫీసు పని చేసి, సాయంత్రం వచ్చి వాయిస్తుంది. నేను పల్లవి ఎత్తుకున్నాను. చరణంలోకి వచ్చేసరికి నా గొంతు రెండుగా చీలి కీచుమంది. ఆ శబ్దం నాకు తెలుసు. అయిపోయింది, వయసు వచ్చింది, అని లోపల ఎవరో అంటున్నారు. అంతలో పెట్టె ఆగింది.

"మామా, తప్పు నాదే" అంది మేనకోడలు. "ఫోన్ చూసుకుంట శ్రుతి ఎక్కువ పెట్టిన. అందరు ఆపుర్రి. మళ్ల మొదట్నుంచి."

"నామం మధ్యల ఆపొద్దే" అన్నాను.

"మరి నీ గొంతు పలగాల్నా? దేవుడు ఏం అనుకోడు తియ్, జర నీళ్లు తాగు."

అందరూ నవ్వారు, నీళ్లు తాగారు, పాట కింది శ్రుతిలో మళ్లీ మొదలైంది. దేవుడు లేచి పోయిన జాడ ఏమీ కనపడలేదు. నేను మాత్రం ఆ చరణం పాడలేకపోయాను. జ్వరమని చెప్పి బయటికి వచ్చి, చెప్పులు మరిచిపోయి ఇంటికి నడిచాను. ఆమెకు ఒక్క ఊపిరిలో అయిపోయిన పని అది.

మర్నాడు అజీజ్‌నగర్ వెళ్లాను. సారు ఫాంహౌస్ గేటు లోపల పైపు పట్టుకుని కుండీలకు నీళ్లు పెడుతున్నాడు. ఎనభై దగ్గర పడ్డాడు, ఇంకా చిక్కాడు.

"ఏందిరో, చేతుల పండ్లు లెవ్వు. అంటే పని మీద వచ్చినవ్" అన్నాడు.

"సారూ, ఆ ఏకాదశినాడు నీ గొంతు పోలే. నేను రెండున్నర పెట్టిన. తెలిసే పెట్టిన."

ఇంతకంటే మంచిగా చెప్పాలని దారి పొడవునా మాటలు కూర్చుకుని వచ్చాను. అవేవీ రాలేదు. ఆయన నావైపు చూడలేదు. పైపు ఒకే కుండీ మీద ఉండిపోయింది. కుండీ నిండి, మట్టి పొర్లి, నీళ్లు మా ఇద్దరి కాళ్ల కిందికి వచ్చాయి.

"నాది ఒకటి గద" అన్నాడు.

"ఔ సారూ."

"కనకమామిడి స్టేజీ కాడ ఒకామె" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "ఏకాదశికి ముందటి దినం. చినుకులు పడుతున్నయి. నెత్తి మీద బంతిపూల గంప. చెయ్యెత్తుకుంట ఉరికొస్తున్నది. అప్పటికే లేటైంది. సూసిన, సూసి గూడ రైట్ అన్న. బస్సు పోయింది. తెల్లారి నా గొంతు పోయింది. రైట్ అన్న గొంతే గద, దేవుడు సరిగ్గనే గుంజుకున్నడు అనుకున్న. అటెన్క ఎన్నిసార్లు ఆ స్టేజీ కాడ దిగి సూసిన్నో. ఆమె ఎవరో, మొహం గూడ సక్కగ యాదికి లేదు. రోజు దీపం ముందల ఆమెకు మొక్కుత. తప్పైందవ్వా అంట."

పైపు కింద పడేశాడు. అప్పుడు నావైపు చూశాడు.

"ఇన్నేండ్లు దేవుడు అనుకున్న. నీ వేలేనా?"

నేను ఆ నీళ్లలోనే కూర్చుని ఆయన కాళ్లు పట్టుకోబోయాను. ఆయన వెనక్కి జరిగాడు. "లే. ప్యాంటు బురదైతది" అన్నాడు. కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు. కాసేపు గేటు పట్టుకుని నిలబడి, ఒకటి శ్రుతిలో షడ్జం అందుకోవాలని చూశాడు. గాలి వచ్చింది, స్వరం రాలేదు, దగ్గు వచ్చింది. ఇన్నేళ్లు వాడని గొంతు. "ఇప్పుడు నిజంగనే పోయింది" అన్నాడు. కూతురు లోపలి నుంచి, "బాపూ, టీ పెట్టాల్నా ఇద్దరికి?" అని కేకేసింది. ఆ రోజు టీ తాగకుండానే వచ్చాను. గేటు దాటుతుంటే వెనక నుంచి అన్నాడు.

"నాకు చెప్తివి, సరే. నా గొంతు గీ గేటు కాడ పోలే గద. నలుగుట్ల, మంది ముందల పోయింది. నలుగుట్ల చెప్పు."

మొన్నటి ఏకాదశికి చేవెళ్ల గుడిలో మళ్లీ మండళ్లన్నీ కలిశాయి. సారు వస్తాడనుకోలేదు. కూతురు ఆటోలో తీసుకొచ్చి ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. మండపం అదే, రంగు మారింది. హార్మోనియం పెట్టిన చోటు చూస్తే, అక్కడ కూర్చుని తల వంచుకుంటూనే చప్పట్లు ఎటువైపు నుంచి ఎక్కువ వస్తున్నాయో ఓరకంట చూసుకున్న ఆ కుర్రాడు కనిపించాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గాని, దువ్విన ఆ తల, ఇస్త్రీ చేసిన ఆ ఒక్క మంచి చొక్కా గుర్తొచ్చి నవ్వే వచ్చింది. ఎంత చిన్న గొప్ప కోసం ఎంత పెద్ద నష్టం చేశావురా అనుకున్నాను.

మా మండలి వంతు రాగానే మైకు చేతిలోకి తీసుకుని లేచాను. పాట ముందు ఒక మాట చెప్పాలన్నాను. చెప్పాను. మొత్తం చెప్పాను. ఒకటి శ్రుతి, రెండున్నర శ్రుతి, హారన్లు, చిరతలు, సన్మానాల్లో చెప్పిన అబద్ధం, ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యేసరికి నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. జనం మాత్రం నిశ్చలంగా నన్ను చూస్తున్నారు. ఎంత క్షమాగుణం అనుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఒకాయన లేచి, "అన్నా, ఏం జెప్తున్నవో గాని, జర మైకు ఆన్ జేసి చెప్పు. ఈడికి ఒక్క ముక్క వస్తలేదు" అన్నాడు.

బతుకంతా మైక్‌సెట్టు కట్టి బతికినవాడిని. చేతిలోని మైకుకు స్విచ్చి వేయలేదు. మండపమంతా గొల్లున నవ్వింది. నేను సారు వైపు చూశాను, ముందు వరుసలో ఆయన ఒక్కడైనా విన్నాడు కదా, చాలదా అన్నట్టు. ఆయన నవ్వలేదు. కుర్చీలో కొంచెం ముందుకు వంగాడు.

"ఎన్కకు వినపడలేదంట. మళ్లొక్కసారి చెప్పు" అన్నాడు.

స్విచ్చి వేశాను. హారన్లలో నా ఊపిరి నాకే వినపడింది. ఈసారి ఏడుపు రాలేదు, పెద్ద మాటలూ రాలేదు.

"అప్పట్ల గిదే గుడిల, గిట్లనే ఏకాదశినాడు, మా సారు గొంతు పోలే. అందనంత శ్రుతి పెట్టి నేను పోగొట్టిన. పోయింది పోయింది అని మీరంత అంటుంటే, కాదు నేనే అని ఒక్క మాట అనలే. సారూ, తప్పు నాది. నీది గాదు, దేవునిది గాదు. నన్ను మాఫ్ చెయ్యి."